ఎడమచేతి సుక్క

మా ఇంటి నంబరు మీద ఓటర్ల జాబితాలో ఒకే ఒక్క పేరుంది. అది నాది కాదు, మా వారిదీ కాదు. ఈ ఇల్లు కట్టించుకున్నది మేము, పన్ను కట్టేది మేము, రోజూ గేటు ముందు ముగ్గేసేది నేను. పేరు మాత్రం, మా డాబా మీది గదిలో డిగ్రీ అయ్యేదాకా అద్దెకుండి వెళ్ళిపోయిన ఒక కాలేజీ పిల్లది.

ఇవాళ పొద్దున అంగన్‌వాడీ టీచరు గేటు దగ్గరికొచ్చింది. మా కాలనీలో ఓటర్ల పని చూసేది కూడా ఆవిడే. చేతిలో కాగితాలు పట్టుకుని ఆ పేరు పైకి చదివి, "ఈ పిల్ల ఇంకా ఈడనే ఉంటున్నదా అమ్మా? లేకుంటె చెప్పుండ్రి, తీసేస్తం" అంది.

నేను ఏం చెప్పానో చివర్లో రాస్తాను. పాప నిద్రపోయింది, నాకు నిద్ర రావడం లేదు. ముందు ఆ పిల్ల సంగతి రాయాలి. పేరు మాత్రం రాయను. మా ఇంటి మీద ఒకసారి ఎక్కిన పేరును నా చేత్తో ఇంకోసారి ఎక్కించే ఓపిక నాకు లేదు.

కాలనీ చివర చర్చి పాస్టరు గారు మా వారితో చెబితే వచ్చింది. వాళ్ళది సూరారం. మా కాలనీ మేడ్చల్‌లో, కాలేజీ బస్సు మా మలుపులో ఆగుతుంది. రోజూ సూరారం నుంచి రెండు బస్సులు మారి వచ్చేకంటే ఇక్కడుంటే నయమని వాళ్ళ నాన్న మా పైగది చూసుకుని వెళ్ళాడు. మర్నాడు ఆ పిల్ల ఒక సూట్‌కేసు, ఒక బకెట్టు, బకెట్టులో ఒక బైబిలు పెట్టుకుని దిగింది. మా వారిని చూసి "నమస్తే అన్నా" అంది. ఆయన పక్కనే పాపను ఎత్తుకుని నిలబడిన నన్ను చూసి "నమస్తే ఆంటీ" అంది.

ఆయనకీ నాకూ ఆరేళ్ళు తేడా. ఆయనే పెద్ద.

ఆ సాయంత్రం కళ్ళద్దాలు తుడుచుకుని మరీ అద్దంలో చాలాసేపు చూసుకున్నాను. కాన్పు తర్వాత నుదుటి దగ్గర రాలిన జుట్టు ఇంకా సరిగ్గా మొలవలేదు. వారం తిరిగేసరికి ఆ పిల్ల తనంతట తానే "అక్కా"కి మారింది కానీ ఆ "ఆంటీ" నా చెవిలోంచి పోలేదు.

సన్నగా, ఎత్తుగా ఉండేది. ముందు పళ్ళ మధ్య సందు. మెట్ల కింద చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో రెండేసి మెట్లు ఎక్కేది. "పాప లేస్తదని" అనేది. పాప మాత్రం సరిగ్గా ఆ వట్టికాళ్ళ చప్పుడుకే లేచేది. నేను జోకొట్టి, పాడి, భుజం నొప్పెట్టేదాకా తిప్పి పడుకోబెట్టిన పాప, ఆ అడుగులు వినబడగానే ఉయ్యాల్లోంచి తల పైకెత్తేది. ఆ పిల్ల ఎడమచేతి చూపుడువేలు చాపేది. పాప దాన్ని గుప్పెట్లో పట్టుకునేది. ఆ వేలు పట్టుకునే మా పాప మొదటి అడుగు వేసింది. ఆ సమయంలో నేను వంటింట్లో పాలసీసాలు మరగబెడుతున్నాను. "అక్కా, జల్దీ రా! నడుస్తాంది!" అని కేక వినబడి పరిగెత్తుకొచ్చేసరికి పాప కూర్చునే ఉంది.

ఎవరైనా కనబడితే బాగున్నారా అని అడుగుతారు. ఆ పిల్ల "మీ ఓటు ఏడుంది?" అని అడిగేది. పాలతన్ని అడిగింది, ఆటో అతన్ని అడిగింది, ఇస్త్రీ బండి ఆయన్ని అడిగింది. మా వారిని కూడా అడిగింది.

"మా ఊళ్ళోనమ్మా. తెనాలి దగ్గర" అన్నారు ఆయన.

"గట్లనా! అయితె మీరు ఉండేది గాడనే అన్నట్టు. ఈడ ఉత్తగ పండుకోనీకి వస్తరా అన్నా?"

మా వారు పడీపడీ నవ్వారు. నేను అదే మాట గృహప్రవేశం నాడు అన్నాను. ఇక్కడ ఇల్లు కట్టుకుని ఓటు అక్కడ ఎందుకండీ అన్నాను. అప్పుడు నవ్వలేదు. "నీకెందుకే ఇప్పుడు ఆ గోల" అన్నారు.

తర్వాత నా వంతు వచ్చింది. "నీదేడుంది అక్కా?"

నాది ఎక్కడా లేదు. డిగ్రీ రెండో ఏడులో మా కాలేజీకి వచ్చి ఫారాలు పంచారు. నేనూ ఒకటి తెచ్చుకుని నాన్నగారికి చూపించాను. "రేపు పెళ్ళిచేస్తే ఏ ఊరు వెళతావో! అక్కడే రాయించుకుందువులే. ఇక్కడ ఎక్కించడం, మళ్ళీ తీయించడం ఎందుకు?" అన్నారు. పెళ్ళయింది. అత్తగారు, "మీరు హైదరాబాదులో కదమ్మా ఉండేది, అక్కడే రాయించుకోండి" అన్నారు. ఇక్కడికొచ్చాక మా వారు, ఇల్లు పూర్తి కానీ అన్నారు. ఇల్లు పూర్తయ్యేసరికి పాప కడుపులో ఉంది. మా వైపు ఆడపిల్లల్లో ఇలా నడిమధ్య ఉండిపోయిన వాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. పుట్టింటి వాళ్ళు పోయేది కదా అని రాయించరు, అత్తింటి వాళ్ళు ఇంకా స్థిరపడలేదు కదా అని రాయించరు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పలేదు. "ఇంకా రాయించుకోలేదు" అన్నాను.

ఆటో అతన్ని ఆటపట్టించినట్టు నన్ను ఆటపట్టిస్తుందనుకున్నాను. నవ్వలేదు. మెల్లగా అడిగింది. "అంటే నువ్వు ఏడ లేవా అక్కా?"

నవ్వినా బాగుండేది.

ఆ పిల్లకు ఈ పిచ్చి ఎలా పట్టిందో మెట్ల మీద కూర్చుని ఒకరోజు తనే చెప్పింది. వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో పని. సూరారంలో గది తర్వాత గది మారడమే. "ఒకపారి మా నాయిన కొత్తంగి ఏస్కొని, కార్డు పట్టుకొని పోయిండక్కా ఓటెయ్యనీకి. మస్తు సేపు లైన్ల నిలవడ్డడు. లోపలికి పోతె పేరు లేదన్నరు. కార్డుంది గద సార్ అన్నడంట. కార్డుంటె సాలదు, లిస్టుల ఉండాలె అన్నరంట. ఇంటికొచ్చి అంగి ఇడిసి మడతపెట్టిండు. బువ్వ తినలే." చెబుతూ తన గోరు తనే గిల్లుకుంది. "మేం ఇల్లు మారినప్పుడల్లా నాయిన పేరు ఎన్కనే పడిపోతుండె. గందుకే నేను సూరారంల రాపిచ్చుకోలే. డిగ్రీ అయ్యేదాక ఉండేది ఈడ. ఈడనే రాపిచ్చుకుంట."

పద్దెనిమిది నిండకముందే దరఖాస్తు పెట్టేసింది. పదిహేడు దాటితే ముందే పెట్టుకోవచ్చట. పద్దెనిమిది నిండాక జనవరి దాకా ఆగక్కర్లేదట, ఏప్రిల్, జులై, అక్టోబర్ వచ్చినా ఎక్కిస్తారట. పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, ఒక ఫొటో. అప్పుడు కూడా ఈ టీచరే వచ్చి మా గేటు దగ్గర ఇదే ప్రశ్న వేసింది, ఈ పిల్ల ఇక్కడే ఉంటుందా అని. నేను పాపకు అన్నం పెడుతున్నాను, పాప తల అడ్డంగా తిప్పేస్తోంది. "ఆఁ, ఇక్కడే ఉంటుంది" అన్నాను విసుగ్గా. ఆ ముక్కతో దాని పేరు మా ఇంటి మీదికి ఎక్కింది.

తనది అయ్యాక కాలేజీ మీద పడింది. ఫారంలో ఫొటోకు వెనక తెలుపు ఉండాలి. మా ప్రహరీ లోపలి గోడకు అప్పుడే తెల్లరంగు వేయించాం. ఇంకేం, సాయంత్రం కాలేజీ బస్సు దిగిన పిల్లలంతా మా ఇంట్లోకే. గౌడవెల్లి నుంచి బండి మీద వచ్చేవాళ్ళు, హాస్టళ్ళ పిల్లలు, వరసగా నిలబడేవారు. ఆ పిల్ల ఫోను పట్టుకుని మధ్యలో నిలబడి ఏలేది.

"కళ్ళద్దాలు తియ్. గదువ పైకి లేపు. నవ్వకురా! నవ్వితె సర్కారోల్లు తీస్కోరు!"

"ఓటేసేటప్పుడన్న నవ్వచ్చా?" అని ఒకడు.

"గెలిసినోడు నవ్వుతడు తియ్. నువ్వు సప్పుడు జెయ్యక నిలవడు."

హాస్టల్ పిల్లలు, మా ఊరి పేరు రాయాలా ఈ ఊరిది రాయాలా అని తికమక పడేవాళ్ళు. "నీ ఇష్టం. అమ్మానాయినల కాడ రాపిచ్చుకుంటవా, హాస్టల్ కాడ్నా? హాస్టలైతె నువ్వు ఈడ సదువుతున్నవని కాలేజోల్లు కాయితం రాసిస్తరు. గని రెండు తాన్ల ఉండొద్దు. ఒక్క తాన్నే." ఒక్కచోటే అనే ఆ చివరి మాట అనేటప్పుడు ఎడమచేతి చూపుడువేలు పైకెత్తేది. ఎవరితో ఎప్పుడు అన్నా అదే వేలు.

మా పాప కూడా ఆ వరసలో దూరి, గోడకు వీపు ఆనించి, మూతి బిగించి నిలబడేది. ప్రతిరోజూ పాపకో ఫొటో. ఆ పిల్లల తలనూనె మరకలు గోడ మీద ఒక పట్టీలా పడ్డాయి. నా స్నేహితురాళ్ళు ఎవరూ మా ఇంటికి రారు. అందరం ఫోన్లలోనే. వంటింటి కిటికీలోంచి ఆ సందడి చూస్తూ, డిగ్రీలో నాకూ ఫస్టుక్లాసు వచ్చిందని ఎవరికో చెప్పాలనిపించేది.

పాప నా చేతి ముద్ద తినదు. పప్పులో నెయ్యి వేసి, మెత్తగా కలిపి, కథలు చెబుతూ పెట్టినా ఉమ్మేస్తుంది. డాక్టరు బరువు తగ్గిందన్నప్పుడల్లా ఇంకో ముద్ద ఎక్కువ కలిపేదాన్ని. ఆ పిల్ల మాత్రం పైనుంచి తన గిన్నెలో ఇంత అన్నం, మజ్జిగ, ఉప్పు కలుపుకొచ్చి మెట్ల మీద కూర్చుని తింటుంటే, పాప వెళ్ళి నోరు తెరిచేది. కొన్నాళ్ళకు నా దగ్గరకొచ్చి "అమ్మా, సల్ల బువ్వ" అంది. ఫోనులో మా అమ్మ విని, "ఏంటే, పిల్ల అలా మాట్లాడుతోంది? చల్ల అనడం నేర్పలేదా?" అంది. నేర్పాను. నేర్చుకోలేదు.

స్నానం చేయించాక పాప బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టడం నా అలవాటు. ఆ రోజుల్లో అది పెద్దదవుతూ వచ్చింది. "సుక్క పెరుగుతున్నదేంది అక్కా? రేపటికి మొకమంత అయ్యేటట్టుంది" అని ఆ పిల్లే నవ్వింది. ఎవరి దిష్టికి పెడుతున్నానో తెలిసి నవ్విందో, తెలియక నవ్విందో.

ఎన్నికలు వచ్చాయి. పోలింగుకు ముందు రోజు ఆ పిల్ల తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ పైనుంచి కేకేసింది. "అక్కా! రేపు పొద్దుగాల్నే సుక్కేస్కొని వస్త. వచ్చినంక నీకు సూపిస్త!"

మా వైపు చుక్కేసుకోవడమంటే మందు కొట్టడమే. సాయంత్రం మా వారికి చెప్పాను. "చూశారా! నెత్తిన పెట్టుకున్నారుగా! రేపు పొద్దున్నే తాగి వస్తుందట. పైగా నాకు చూపిస్తుందట! పాస్టరు గారికి ఫోన్ చేయండి."

ఆయన తెనాలి బస్సుకు సంచి సర్దుకుంటున్నారు, అక్కడ ఓటు వేయడానికి. సంచి పక్కన పెట్టి మంచం మీద కూలబడి నవ్వారు. కళ్ళు తుడుచుకుని, "వేలికి సిరా చుక్కే, పిచ్చిదానా" అన్నారు. పోనీ అక్కడితో ఊరుకున్నారా? పైకి కేకేసి ఆ పిల్లకు కూడా చెప్పారు. ఇద్దరూ ఒకళ్ళు కింద, ఒకళ్ళు పైన నిలబడి నవ్వారు. మధ్యలో పాప చప్పట్లు కొట్టింది. ఆయన అంతలా నవ్వడం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు ఆయన తెనాలిలో ఉన్నారు. కాలనీలో సగం మంది వాళ్ళ ఊళ్ళకు వెళ్ళారు, మిగతా సగం స్కూలు దగ్గర లైన్లో ఉన్నారు. ఏ లైన్లోనూ లేనిదాన్ని నేనే. పాప అక్కతో వెళతానని గేటు పట్టుకుని ఏడ్చింది. "నేను ఎత్తుకొని తీస్కపోత అక్కా, పిల్లలున్నోళ్ళను జల్దీ పంపుతరు, నాకు గూడ ఫాయిద" అంది. టోపీ పెట్టి, నీళ్ళ సీసా ఇచ్చి పంపాను. ఆ పిల్ల ఎర్ర డ్రెస్సు మీద చున్నీ సర్దుకుని, నా బిడ్డను చంకనెత్తుకుని, వీధి మలుపు తిరిగింది. చూసేవాళ్ళు తల్లీబిడ్డలనుకుంటారు.

గంట దాటింది. ఎండ ఎక్కింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వచ్చారు. ఇద్దరూ ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుకుని వచ్చారు.

"అమ్మా, సుక్క!"

ఆ చిట్టి గోరు మీద ఊదారంగు మచ్చ. పెన్ను గీత కాదు, అసలు సిరా. ఆ పిల్ల వేలి తడి ఆరకముందే పాప వేలికి అద్దిందట.

నేను పాపను లాక్కుని కుళాయి దగ్గరికి పరిగెత్తాను. సబ్బు, కొబ్బరినూనె, నిమ్మచెక్క. రుద్దినకొద్దీ నల్లబడుతోంది. పాప గుక్కపట్టింది. "వేలు నోట్లో పెట్టుకుంటుందని తెలీదూ? అది విషమో ఏమో! తల్లివైతే తెలిసేది!" అని అరిచాను. డాక్టరుకు ఫోన్ చేశాను. ఆరిపోయిన సిరా ఏం చేయదమ్మా, రుద్దకండి, చర్మం లేస్తుంది అన్నాడాయన.

ఆ పిల్ల మెట్ల దగ్గర నిలబడే ఉంది. చెప్పులు విడవలేదు. "తప్పయింది అక్కా, నోట్లె పెడతదని సోంచాయించలే" అంది. "గని ఒక్కటడుగుత. నీ కోపం సుక్క మీదనా, నా మీదనా?" అంది.

నేను పాపను ఎత్తుకుని లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ రెండూ కాదని ఇప్పుడు చెప్పగలను. ఇంట్లో ముగ్గురం. ఆయన వేలికి తెనాలి చుక్క, పాప వేలికి మేడ్చల్ చుక్క. నా వేలు ఒక్కటే శుభ్రంగా ఉంది.

తర్వాత ఆ పిల్ల మెట్లెక్కడంలో చప్పుడు లేదు. మజ్జిగన్నం పైనే తినేది. పాప మెట్ల కింద నిలబడి పిలిచేది. సిరా గోరుతోపాటు జరుగుతూ జరుగుతూ చివరికొచ్చింది. ఒక ఆదివారం గోళ్ళు తీస్తూ ఆ ఊదా ముక్కను నేనే కత్తిరించాను. పాప ఆ ముక్క కోసం నేలంతా వెతికి ఏడ్చింది. డిగ్రీ అయ్యాక ఆ పిల్లకు షామీర్‌పేట వైపు ఉద్యోగం దొరికింది. అదే సూట్‌కేసు, అదే బకెట్టు. వెళుతూ పాపకు వేలు చాపింది. పాప వదల్లేదు. నేను విడిపించాను.

ఇవాళ పొద్దున టీచరు గేటు దగ్గర నిలబడి అడిగింది అదే. ఉంటున్నదా, తీసేయాలా?

లేదు అంటే అబద్ధం కాదు. ఒక్క మాటతో మా ఇంటి మీద నుంచి ఆ పేరు పోతుంది. నోటిదాకా వచ్చింది. కానీ వాళ్ళ నాన్న విడిచి మడతపెట్టిన ఆ కొత్త అంగీ గుర్తొచ్చింది. "ఒక్క నిమిషం" అని ఫోన్ తీశాను.

"అక్కా! పాప మంచిగున్నదా?" వెనక బస్సు హారన్లు.

"బాగుంది. ఓట్ల టీచరు వచ్చింది. నీ పేరు ఉంచమంటావా, తీసేయమంటావా?" సంతకం నాదే అన్నట్టు అడిగాను.

"నువ్వు తీసేదేంది అక్కా!" నవ్వింది. "నేనే మార్పిచ్చుకుంటున్న. ఈడికొచ్చినంక ఆన్‌లైన్ల ఫారం ఎనిమిది పెట్టిన. ఒక్క తాన్నే ఉండాలె గద."

ఫోను అవతల వేలు పైకి లేచే ఉంటుంది. ఆఖరికి దాని పేరు కొట్టేసే అవకాశం కూడా నాకు మిగల్చలేదు.

తర్వాత తనే అడిగింది. "అయితె ఇగ మీ ఇంటి మీద ఎవ్వరు ఉండరు గదా అక్కా?"

"పాప పిలుస్తోంది, ఉంటాను" అని పెట్టేశాను. పాప పిలవలేదు.

టీచరుతో, "ఆ అమ్మాయి షామీర్‌పేటకు మార్చుకుందట. కొత్తగా రాయించుకునే ఫారం ఉందా మీ దగ్గర?" అన్నాను.

"ఎవరికమ్మా?"

"నాకే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. సంచిలోంచి ఫారం ఆరు తీసింది. ఫొటో అడిగింది. నా దగ్గరున్నవన్నీ ఆయన పక్కన నిలబడినవి, పాపను ఎత్తుకున్నవి. ఒక్కదాన్నే ఉన్న ఫొటో లేదు. "తెల్లగోడ ఉంది గదమ్మా, నా ఫోన్ల తీస్త నిలవడుండ్రి" అంది.

ప్రహరీ గోడ దగ్గరికి వెళ్ళాను. నూనె మరకల పట్టీ ఇంకా అలాగే ఉంది. మళ్ళీ రంగు వేయిద్దామని మా వారు రెండు పండగల నుంచి అంటున్నారు. ఎందుకో నేనే వేయించనివ్వలేదు. ఆ మరకకు తల ఆనించి నిలబడ్డాను. టీచరు ఫోను ఎత్తింది.

ఇంతలో పాప బడి బట్టలతో, ఒక కాలికి సాక్సు, ఒక కాలికి లేకుండా బయటికి పరిగెత్తుకొచ్చింది. మమ్మల్ని చూసి టీచరు పక్కన నిలబడింది. నడుం మీద ఒక చెయ్యి పెట్టి, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తింది.

"అమ్మా, కళ్ళద్దాలు తియ్! గదువ పైకి లేపు! నవ్వకు! నవ్వితె సర్కారోల్లు తీస్కోరు!"

టీచరు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను కళ్ళద్దాలు తీశాను. గడ్డం పైకెత్తాను. నవ్వలేదు.